బీచ్ సీన్‌లో స్విమ్‌సూట్ ఉండాలా? ఫ్యాన్‌సర్వీస్ మీద నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. నలుగురు స్నేహితులు కలిసి రెన్‌పై అనే గేము తయారీ సాఫ్ట్‌వేర్‌లో ఒక ప్రేమకథ విజువల్ నావెల్ (బొమ్మలు చూస్తూ కథ చదివే గేము) చేస్తున్నారు. కథ విశాఖపట్నంలో, పాత్రలు పీజీ చదివేవాళ్ళు. మధ్యలో బీచ్‌కి వెళ్ళే సీన్ ఒకటి ఉంది. అక్కడ హీరోయిన్‌కి స్విమ్‌సూట్ వేసి ఒక సీజీ (తెర నిండా వచ్చే ప్రత్యేక బొమ్మ) గీస్తానని మీ ఆర్టిస్ట్ పట్టుబడుతున్నాడు. అది పెడితే తను రాసిన అమ్మాయి పోయి పోస్టర్ మిగులుతుందని మీ రైటర్ గొడవ పెడుతోంది. ఈ తగువులోంచి పెద్ద ప్రశ్న పుట్టింది: అసలు ఫ్యాన్‌సర్వీస్ వల్ల, అంటే అభిమానుల్ని ఊరించడానికి పెట్టే, ఎక్కువగా ఒళ్ళు చూపించే సీన్ల వల్ల, యానిమేకి (జపాన్ యానిమేషన్‌కి), ప్రేమ గేములకి మేలా, చెడా?

ఈ రెండింటికీ కలిపి ఒకే జవాబు చెప్పలేను. యానిమేలో ఫ్యాన్‌సర్వీస్ చాలాసార్లు వ్యాపారానికి లాభం, కథకి కాస్త నష్టం. ప్రేమ గేములో దెబ్బ నేరుగా సరుకు మీదే పడుతుంది, ఎందుకంటే అక్కడ అమ్ముడయ్యేది ఒక్కటే, ఎదురుగా ఉన్నది ఒక మనిషి అనే నమ్మకం. స్క్రిప్టులు ఎడిట్ చేసేటప్పుడు నేను ఎర్ర గీత పెట్టేది ఒళ్ళు కనిపించిన చోట కాదు, పాత్ర తనెవరో మరిచిపోయిన చోట.

ముందు యానిమే సంగతి. ఇది ఈ మధ్య వచ్చిన రోగం అని చాలామంది అనుకుంటారు. 1968లో షోనెన్ జంప్ అనే మాంగా (జపాన్ కామిక్స్) పత్రికలో గో నగాయి అనే చిత్రకారుడు 'హరెంచి గకుయెన్' మొదలుపెట్టినప్పుడే జపాన్‌లో తల్లిదండ్రుల సంఘాలు మండిపడ్డాయి. అదే గో నగాయి 1973లో 'క్యూటీ హనీ' తెచ్చాడు. హీరోయిన్ రూపం మార్చుకునేటప్పుడు ఒంటి మీది బట్టలు మాయమయ్యే సీను ఆ రోజుల్లోనే టీవీలో వచ్చింది. 1995లో మొదలైన 'ఎవాంజెలియన్'లోనైతే వచ్చే వారం ప్రోమో చివర మిసాటో పాత్ర హుషారుగా "సర్వీస్, సర్వీస్" అని ప్రేక్షకులకి ఊరింపుగా చెబుతుంది. అంటే తయారుచేసేవాళ్ళకీ చూసేవాళ్ళకీ మధ్య ఇది ఎప్పటినుంచో బహిరంగంగా ఉన్న ఒప్పందమే.

ఆ ఒప్పందం వెనక డబ్బు లెక్క ఉంది. అర్ధరాత్రి స్లాట్లలో వచ్చే యానిమేలకి ప్రకటనల మీద తక్కువే వచ్చేది. పెట్టుబడి పెట్టిన కంపెనీల కమిటీ ఆ డబ్బుని డీవీడీ, బ్లూరే అమ్మకాల్లో రాబట్టుకోవాల్సి వచ్చేది. ఒక్కో డిస్క్‌లో రెండు మూడు ఎపిసోడ్లు, ధర ఆరేడు వేల యెన్లు. అంత పెట్టి కొనే అభిమానులు వేలల్లోనే ఉండేవారు. ఆ వేలమందిని మెప్పిస్తే చాలు, సిరీస్ గట్టెక్కేది. అందుకే టీవీలో ఆవిరి, తెల్లటి వెలుగు గీతలు అడ్డం వేసి, డిస్క్‌లో వాటిని తీసేసేవారు. 'టు లవ్ రూ డార్క్‌నెస్' లాంటివి అలా నడిచినవే. మన సినిమాలో ఐటమ్ సాంగ్ చేసేదే ఇక్కడ ఈ సీన్లు చేస్తాయి: కథ ఆగుతుంది, పాట అవుతుంది, కథ మళ్ళీ మొదలవుతుంది. పాట కత్తిరించి టీవీలో వేసినా హీరోకి విలన్‌తో ఉన్న పగ ఎక్కడికీ పోదు.

స్ట్రీమింగ్ వచ్చాక ఈ లెక్క మారిపోయింది. జపాన్ యానిమే సంఘం లెక్కల ప్రకారం 2023లో విదేశాల నుంచి వచ్చిన ఆదాయం దేశీయ ఆదాయాన్ని దాటింది. ఇప్పుడు మెప్పించాల్సింది డిస్క్ కొనే వేలమందిని కాదు, ఫోన్లో, టీవీలో ఇంటిల్లిపాదితో కూర్చుని చూసే కోట్లమందిని. 2020లో విడుదలైన 'డీమన్ స్లేయర్' ముగెన్ ట్రెయిన్ సినిమా జపాన్‌లోనే 4,000 కోట్ల యెన్లు దాటి వసూలు చేసింది. అందులో ఈ రకం సర్వీస్ వెతికినా దొరకదు. (సిరీస్‌లో మిత్సురి అనే పాత్ర వేసుకునే, ఒళ్ళు కనబడే యూనిఫాం మాటేమిటని అడిగేవాళ్ళు ఉంటారు. నిజమే, ఉంది. దర్జీ మీద జోక్ వేసి సర్దుకున్నారు, నాకైతే అది సరిపోలేదు.) 2025 సెప్టెంబర్‌లో ఇన్ఫినిటీ కాజిల్ తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకీ వచ్చింది. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళిన తల్లిదండ్రుల కోసం ఈ రకం సీన్లేవీ కత్తిరించనక్కర్లేకపోవడం కూడా ఆ వ్యాపారంలో భాగమే. 2023లో వచ్చిన 'ఫ్రీరెన్' కూడా అంతే. ఇక రెండో చివర, అంతా ఈ సర్వీసే నిండిన 'ఇంటర్‌స్పీసీస్ రివ్యూయర్స్' ఉంది. 2020 మొదట్లో దాన్ని అమెరికా స్ట్రీమింగ్ కంపెనీ ఫ్యునిమేషన్ మధ్యలోనే తీసేసింది, కొద్దిరోజులకే టోక్యో ఎంఎక్స్ చానల్ కూడా ఆపేసింది.

డబ్బు సంగతి పక్కన పెట్టి కథ దగ్గరికి వస్తే, ఒకే రకం బట్టలు రెండు చోట్ల రెండు పనులు చేస్తాయి. 1998 నాటి 'కౌబాయ్ బీబాప్'లో ఫే వాలెంటైన్ చూడండి. ఆమె వయసొచ్చిన మనిషి. పొట్టి నిక్కరు, పొట్టి చొక్కా, కావాలని వేసిన వేషం. జూదం ఆడే చోటా, మనుషుల్ని బురిడీ కొట్టించే చోటా ఆ వేషం ఆమెకి పనికొచ్చే ఆయుధం, ఆ సంగతి ఆమెకీ తెలుసు. 18వ ఎపిసోడ్‌లో పాత బీటా వీడియో టేప్ ఒకటి వస్తుంది. అందులో గతం గుర్తులేని ఫే చిన్నప్పటి తనని తాను చూస్తుంది. పెద్దయ్యాక తను ఎలా ఉంటుందో తెలియని ఆ పిల్ల భవిష్యత్తులోని తనకి ఉత్సాహంగా కేరింతలు కొట్టి ధైర్యం చెబుతుంది. అప్పుడు కూడా ఫే ఒంటి మీద అవే బట్టలు. చూసేవాడి కళ్ళు మాత్రం వాటి మీదికి పోవు. ఇన్నాళ్ళూ ఆ వేషం వెనక ఏం దాచిందో అప్పుడు తెలుస్తుంది. అక్కడ ఫ్యాన్‌సర్వీస్ పాత్రకి అప్పు పెట్టలేదు, ఆస్తి ఇచ్చింది.

ఇప్పుడు 2019లో మొదలైన 'ఫైర్ ఫోర్స్'లో తమాకిని చూడండి. తడబడి పడటం, బట్టలు ఊడటం, పక్కవాడి చేయి తగలడం ఆమెకి శాపంలాంటి గుణం అని జోక్ కట్టారు. ప్రాణాలు పోయే పోరాటం మధ్యలో కూడా అదే జోక్. పైగా ఆమె పదిహేడేళ్ళ పిల్ల. ఆ సీనులో ఆమె భయం, కోపం, పోరాటం ఏవీ మిగలవు. ఆమె అక్కడ ఎందుకుందో మనకీ గుర్తుండదు. ఆ సిరీస్ యాక్షన్ యానిమేషన్ గొప్పది. అయినా నలుగురికి చూడమని చెప్పాలంటే నేను వెనకాడటానికి కారణం ఆ ఒక్క పాత్ర.

ఆడవాళ్ళ కోసం తీసేవాటిలో ఇది లేదని కూడా అనుకోవద్దు. 2013లో క్యోటో యానిమేషన్ ఒక ముప్ఫై సెకన్ల ప్రకటన వేసింది. ఈత కొట్టే కుర్రాళ్ళని చూసి ఇంటర్నెట్‌లో అభిమానులు దీన్ని సిరీస్ చేయమని గోల చేశారు, అదే ఏడాది 'ఫ్రీ!' వచ్చింది. హిరోకో ఉత్సుమి దర్శకత్వం. ఈత పోటీల కథలో శరీరమే పరికరం కాబట్టి కెమెరా దాన్ని చూడటానికి ఒక కారణం దొరుకుతుంది. దొరికినంత మాత్రాన ప్రతి షాటుకీ ఆ కారణం సరిపోయిందని నేను అనను.

ఇక ప్రేమ గేములు. మీకు పనికొచ్చేది ఇక్కడుంది, అందుకే కొంచెం ఆగుతాను.

ఈ గేములు రెండు దారుల్లో పెరిగాయి. ఒకటి 1994లో కొనామి తెచ్చిన 'తోకిమేకి మెమోరియల్' దారి. అడల్ట్ సీన్లు లేవు. మీరు ఒకమ్మాయిని పట్టించుకోకుండా వదిలేస్తే ఆమె పేరు పక్కన బాంబు గుర్తు వస్తుంది. అది పేలితే మిగతా అమ్మాయిలందరి దగ్గరా మీ పరువు పోతుంది. మొత్తం ఆటకి ఊపిరి ఆ టెన్షనే. అదే ఏడాది కోయెయి 'ఏంజెలీక్'తో అమ్మాయిల కోసం చేసే ఒటోమే గేములు మొదలయ్యాయి. రెండో దారి పీసీలో అమ్మిన పెద్దలకు మాత్రమే గేములది. అక్కడ అడల్ట్ సీన్ ఒక టికెట్. అది ఉంటే పెట్టె దుకాణంలో అమ్ముడవుతుంది, మిగతా గంటలన్నీ రైటర్ తనకి నచ్చిన కథ రాసుకోవచ్చు. ఆ వెసులుబాటులోంచే మంచి మంచి రైటర్లు బయటికి వచ్చారు. ఈ మేలుని ఒప్పుకోకుండా ఫ్యాన్‌సర్వీస్‌ని తిట్టడం అన్యాయం.

కానీ తర్వాత ఏమైందో చూడండి. లీఫ్ సంస్థ 'టు హార్ట్' 1997లో అడల్ట్ గేముగా వచ్చింది, 1999లో ప్లేస్టేషన్‌కి ఆ సీన్లు లేకుండా వెళ్ళింది. కీ సంస్థ 'కానన్' 1999లో, 'ఎయిర్' 2000లో అడల్ట్ గేములుగా వచ్చి, తర్వాత అందరికీ సరిపడే వెర్షన్లలో మళ్ళీ వచ్చాయి. 2004 నాటి 'క్లానాడ్'కి వచ్చేసరికి ఆ టికెట్టే అక్కర్లేదనుకుని మొదటినుంచే అందరి కోసం చేశారు. అదే 2004లో టైప్‌మూన్ సంస్థ 'ఫేట్ స్టే నైట్' అడల్ట్ గేముగా వచ్చింది. 2007లో ప్లేస్టేషన్ 2కి 'రియాల్టా నువా' పేరుతో వెళ్ళినప్పుడు ఆ సీన్లు తీసేసి, కొత్తవి రాసి, గొంతులు చేర్చారు. 2024లో స్టీమ్ అనే పీసీ గేముల ఆన్‌లైన్ దుకాణంలో, నింటెండో స్విచ్‌లో వచ్చిందీ అందరి వెర్షనే. అసలు గేములో మంత్రశక్తిని ఒకరి నుంచి ఇంకొకరికి ఎక్కించాలంటూ ఒక సాకు అల్లి పెట్టిన సీను ఉంది. అభిమానులే దాని మీద ఏళ్ళ తరబడి జోకులు వేసుకున్నారు. అది తీసేశాక కథ ఒక్క మెట్టు కూడా దిగలేదు. అది ఎందుకు పెట్టారో పాత్రలకి తెలియదు, అమ్మకాల వాళ్ళకి తెలుసు. అదే తేడా.

దీనికి సరిగ్గా ఎదురుగా 'హకుఓకి' ఉంది. 2008లో ఒటోమేట్ చేసిన ఒటోమే గేము, షిన్సెన్‌గుమి అనే పాతకాలపు జపాన్ సమురాయ్ దళంలోని వీరుల కథ. ఒక ఔషధం తాగిన వీరులు బలవంతులవుతారు, బదులుగా నెత్తురు దాహం పట్టుకుంటుంది. హీరోయిన్ తన నెత్తురు ఇచ్చి వాళ్ళ బాధ తీర్చే సీన్లే ఆ గేములో అభిమానులు ఎదురుచూసేవి. అందమైన బొమ్మ, చెవి దగ్గర గుసగుసలాడే గొంతు, అన్నీ ఉంటాయి. అయితే వాటిని తీసేస్తే గేము ఉండదు. ఆ మనిషి ఎంత సిగ్గుపడుతున్నాడో, తను చావుకి ఎంత దగ్గరగా ఉన్నాడో ఆ సీనులోనే తెలుస్తుంది. అభిమానికి కావాల్సింది, కథకి కావాల్సింది ఒకే చోట కలిశాయి.

మరి ఒకే గేములో రెండూ కొట్టుకుంటే ఏమవుతుంది? 2016 నాటి 'పర్సోనా 5' గురించి చెప్పాలి. ప్రేమ గేము అని పూర్తిగా అనలేం గానీ సగం కాలం మనం చేసేది అదే. మొదటి అధ్యాయంలో విలన్ కామోషిదా, బడి పీటీ మాస్టారు. ఆన్ అనే విద్యార్థినిని వేధిస్తాడు, ఆమె స్నేహితురాలు షిహో భరించలేక మేడ మీంచి దూకేస్తుంది. అధికారంలో ఉన్నవాడు ఒక అమ్మాయిని వస్తువుగా చూస్తే ఏం జరుగుతుందో అంత సూటిగా చెప్పిన గేములు తక్కువ. ఆన్ అతన్ని చంపే అవకాశం వదులుకుని, అతని నోటితోనే నేరం ఒప్పించాలని నిలబడే చోట ఆమె మీద గౌరవం పుడుతుంది.

వెంటనే రెండో అధ్యాయం. యూసుకే అనే చిత్రకారుడు ఆన్‌ని బట్టల్లేకుండా మోడల్‌గా కూర్చోమంటాడు. మన టీమ్‌కి ఆ ఇంట్లో ఒక తలుపు తెరవాల్సిన పని ఉంది కాబట్టి, కామోషిదా మీద కలిసి పోరాడిన స్నేహితులే ఆమెని వెళ్ళమని ఒత్తిడి చేస్తారు. ఆమె కాలయాపన కోసం ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా బట్టలు వేసుకుని వెళ్తుంది. ఇదంతా కామెడీ కింద నడిపించారు. నిన్న ఆమె ఎందుకు ఏడ్చిందో ఈ స్నేహితులకి గుర్తులేదు, రైటర్లకీ గుర్తులేదు, ఆటగాడు కూడా మరిచిపోవాలని వాళ్ళ ఆశ. అదే గేములో విద్యార్థి అయిన హీరో తన సొంత క్లాస్ టీచర్‌తో ప్రేమలో పడే రూట్ (ఆటగాడు ఎంచుకోగల ప్రేమకథ దారి) కూడా ఉంది! పిల్లల మీద చేయి వేసిన మాస్టారితో మొదలైన కథలో. 'పర్సోనా 5' కోట్లు సంపాదించింది, నాకూ ఇష్టమైన గేమే. అయినా ఆన్ రూట్ ఆడేటప్పుడు ఆమె చెప్పేది పూర్తిగా నమ్మలేకపోవడానికి ఆ రెండో అధ్యాయమే కారణం. స్నేహితులే ఆమెని అలా చూశాక, ప్రేమిస్తున్నానని హీరో చెప్పే మాటకి బరువెక్కడిది?

నా మాటకి అడ్డొచ్చే ఉదాహరణా చెబుతాను, దాచిపెడితే మోసం. 'నెకోపారా' 2014లో వచ్చింది. కథ పలచన, సర్వీస్ చిక్కన. స్టీమ్‌లో విపరీతంగా అమ్ముడైంది. యానిమే చేయడానికి కిక్‌స్టార్టర్ సైట్‌లో జనాన్ని చందా అడిగితే తొమ్మిది లక్షల డాలర్లు దాటి వచ్చాయి. అక్కడ ఎవరూ మోసపోలేదు, పెట్టె మీద ఏముందో లోపలా అదే. గాచా గేముల (అదృష్టం మీద పాత్రలు దక్కే గేముల) వ్యాపారం కూడా ఇంతే, 'ఫేట్ గ్రాండ్ ఆర్డర్'లో ప్రతి వేసవికీ వచ్చే ఈత దుస్తుల వెర్షన్లకి జనం కాచుక్కూర్చుంటారు. మీరు చేసేది అలాంటి గేమైతే మీ ఆర్టిస్ట్ గెలిచినట్టే. మీరు పంపిన స్క్రిప్టు నమూనా మాత్రం అది కాదు. తండ్రి ఆస్పత్రి బిల్లుల కోసం పీజీ మానేయాలా అని ఆలోచిస్తున్న అమ్మాయి కథని, కవర్ మీద ఇంకేదో చూపించి అమ్మితే రెండు రకాల కొనుగోలుదారులూ తిట్టే రివ్యూలు రాస్తారు.

ఇక మీరు అడగకపోయినా చెప్పాల్సినవి. పాత్రల వయసు విషయంలో ఎక్కడా సందు వదలకండి. పీజీ అని రాసి, బొమ్మలో పదిహేనేళ్ళ ముఖం గీయడం ఈ రంగంలో మామూలు అలవాటు, మీరు చేయకండి. జపాన్ 2014లో పిల్లల అశ్లీల చిత్రాలు దగ్గర ఉంచుకోవడాన్ని నేరం చేసినప్పుడు మాంగా, యానిమేలని అందులోంచి మినహాయించింది. మన దేశంలో అలాంటి మినహాయింపు ఉందనుకుని ధైర్యం చేయొద్దు. ఐటీ చట్టం 67బి సెక్షన్, 2019 సవరణ తర్వాత పోక్సో చట్టంలోని నిర్వచనం, పిల్లల్లా కనిపించేలా తయారుచేసిన బొమ్మల దాకా వెళ్తాయి. "గీసిందే కదా" అన్న వాదన ఇక్కడ మిమ్మల్ని కాపాడుతుందని నేను భరోసా ఇవ్వను. చట్టం లేకపోయినా నా సలహా ఇదే.

అమ్మే చోట్ల నమ్మకం కూడా లేదు. 2018 మే నెలలో స్టీమ్ కొందరు విజువల్ నావెల్ డెవలపర్లకి తీసేస్తామని హెచ్చరికలు పంపి, వెనక్కి తగ్గి, సెప్టెంబర్‌కల్లా అడల్ట్ గేములకి తలుపులు తెరిచింది. 2025 జులైలో కార్డు కంపెనీల ఒత్తిడితో మళ్ళీ చాలా గేములు తీసేసింది, ఇచ్.ఐఓ అనే చిన్న గేముల దుకాణమైతే అడల్ట్ గేములని వెతికినా కనబడకుండా చేసింది. జపాన్ దుకాణం డీఎల్‌సైట్‌లో 2024లోనే వీసా, మాస్టర్‌కార్డ్ ఆగిపోయాయి. సోనీ 2018 నుంచి ప్లేస్టేషన్ గేముల్లో ఇలాంటి సీన్ల మీద కత్తెర పట్టింది. ఒక్క సీజీ కోసం చిన్న టీమ్ ఈ గొడవలోకి దిగడం దండగ.

ఇప్పుడు మీ బీచ్. యానిమేలో వేసవి సముద్రం ఎపిసోడ్ ఎందుకు అంత సహజంగా వస్తుందంటే, జపాన్‌లో వేసవికి సముద్రానికి వెళ్ళి ఈత దుస్తులేసుకోవడం మామూలు. ఆర్కే బీచ్‌లో ఎంతమందిని అలా చూశారు? లోపలికి దిగొద్దని హెచ్చరికలుండే చోటు అది. జనం మోకాళ్ళదాకా ప్యాంటు మడుచుకుంటారు, చెప్పులు చేత్తో పట్టుకుంటారు. చుడీదార్ అంచు తడిస్తే ఇంటికెళ్ళాక అమ్మ అడుగుతుందని భయపడతారు, మొక్కజొన్న కంకి కొనుక్కుని ఇసకలో కూర్చుంటారు. మీ హీరోయిన్ రాజాం నుంచి వచ్చిన అమ్మాయి అని రాశారు. ఆమె ఆ బీచ్‌కి స్విమ్‌సూట్‌లో వచ్చిందంటే దానికి ముందు నాలుగు సీన్ల కథ కావాలి: ఎక్కడ కొంది, ఎవరితో కలిసి కొంది, హాస్టల్లో ఎక్కడ దాచింది, ఎవరి కోసం ధైర్యం చేసింది. ఆ నాలుగూ మీ రైటర్ రాయగలిగితే సీజీ పెట్టుకోండి, అప్పుడది ఆ అమ్మాయిదే అవుతుంది. లేకపోతే ఇంకో గేములోంచి ఎత్తుకొచ్చిన బొమ్మలా కనిపిస్తుంది, ఎక్కడిదో కూడా ఆటగాడు చెప్పేస్తాడు.

మీ ఆర్టిస్ట్ కోపంలో కూడా న్యాయం ఉంది. అతనికి గేములో ఒక్క చోటైనా అందం చూపించే అవకాశం కావాలి, ఇప్పటిదాకా మీరు అతని చేత హాస్టల్ గదులు, బస్టాపులు గీయించారు. అది తప్పకుండా ఇవ్వండి. ఆ బీచ్ సీన్‌నే ఇద్దరూ కలిసి కూర్చుని రాయమనండి, ముందు బొమ్మ లేకుండా. అలలో ఆమె నిలబడి ఏం మాట్లాడుతుంది, అప్పుడు హీరో ఎటు చూస్తున్నాడు, తనని చూస్తున్నాడని ఆమెకి తెలుసా, తెలిస్తే ఇష్టమేనా, ఇవి తేలాక కెమెరా ఎక్కడ పెట్టాలో అతనే చెబుతాడు. తడిసిన చున్నీ నడుముకి చుట్టుకుని, జుట్టు గాలికి ముఖం మీద పడుతుంటే వెనక్కి తిరిగి నవ్విన అమ్మాయి బొమ్మ గీయడం స్విమ్‌సూట్ గీయడం కన్నా కష్టం. మంచి ఆర్టిస్ట్ అయితే ఆ కష్టానికి ఒప్పుకుంటాడు. డ్రాఫ్ట్ అయ్యాక ఇక్కడే పెట్టండి, చదివి చెబుతాను.